మూల కత్తిరించిన కాగితాలు

మేడం గారు పోయారని పోయిన నెల ఒక ఉదయం వాళ్ళ చెల్లెలుగారు ఫోన్ చేసి చెప్పారు. టిఫిన్ చేసి, పేపరు చేతిలో పట్టుకుని కుర్చీలో కూర్చున్నవారు అలాగే వెళ్ళిపోయారట. "ఏ బాధా పడలేదు బాబూ, అదొక్కటే మాకు ఊరట" అన్నారావిడ. నాకు ఏడుపు రావాలి. రాలేదు. ముందు గుర్తొచ్చింది ఒక నోటుపుస్తకం. ఐదేళ్ళ క్రితం నేను మేడం గారి చేతిలో పెట్టిన పుస్తకం. అందులో కొందరు కుర్రాళ్ళ పేర్లున్నాయి. అది ఇప్పుడు ఎవరికి దొరుకుతుందో అన్న భయం ముందు వచ్చింది, దుఃఖం తర్వాత వచ్చింది. ఈ సంగతి దాచి ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాస్తే అది అబద్ధమవుతుంది.

మేడం గారి పని నేరాల మీద పరిశోధన. దొంగలూ హంతకులూ కాదు, కాలేజీ వయసు పిల్లలు. కోపం వచ్చినప్పుడు ఎవరు ఆగగలుగుతున్నారు, ఎవరు చెయ్యి చేసుకుంటున్నారు, ఎవరు దెబ్బలు తింటున్నారు, ఇవన్నీ ఎక్కడ కలుస్తున్నాయి. ఆవిడ జీవితమంతా అడిగింది ఇదే.

నాకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. నా చదువంతా కరపత్రాలే. కోటిపల్లి బస్టాండ్ దగ్గర నేను రాసినదే ఒకటి పంచుతున్నాను. తీసుకున్నవాళ్ళు విసురుకోవడానికో, సీటు తుడుచుకోవడానికో వాడుకుంటున్నారు. ఆవిడ మాత్రం నిలబడి చివరి దాకా చదివారు.

"ఇది నువ్వే రాశావా బాబూ?"

"నేనేనండి."

"యువతని నేరం వైపు నెడుతున్నది వ్యవస్థే అన్నావు. బాగుంది. ఎంతమందిని అడిగావు?"

"అడగడమేంటండి, కళ్ళ ముందు కనపడుతోంది కదా."

"నాకు కళ్ళ ముందు బస్సు కనపడుతోంది. అయినా ఎక్కడికి వెళ్తుందో అడిగే ఎక్కుతాను."

అని నా కరపత్రం వెనకే ఫోన్ నంబరు రాసి నాకు ఇచ్చేశారు. అడిగే పని ఉంది, చేస్తే చెయ్యమన్నారు. వారం రోజులు పంతం పట్టి, ఎనిమిదో రోజు ధవళేశ్వరంలో వాళ్ళింటికి వెళ్ళాను.

ఆత్మనిగ్రహం అన్న మాట వింటేనే నాకు ఒళ్ళు మండేది. దెబ్బలు తినేవాడిని ఓర్చుకోమనడానికి పెట్టిన పెద్ద పేరు అని ఆవిడతోనే వాదించాను. ఆవిడ ఎప్పుడూ అడ్డు చెప్పేవారు కాదు. టీ చల్లారిపోతున్నా "ఇంకా?" అనేవారు. నా దగ్గరున్న మాటలన్నీ అయిపోయాక తాపీగా చెప్పారు.

"ఓర్చుకోవడం కాదు బాబూ. లేచిన చెయ్యి దించుకోవడానికి కాస్త వ్యవధి కావాలి. చిన్నప్పటి నుంచీ ఆ వ్యవధి ఇచ్చేవాళ్ళు కొందరికి ఇంట్లో ఉంటారు. కొందరికి ఉండరు. నీకు ఎవరిచ్చారు?"

నేను చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాను. ఆవిడ రెట్టించలేదు.

ఆవిడ పని చేసే పద్ధతి విచిత్రంగా ఉండేది. క్లాసులో అడుగు పెట్టగానే లెక్చరర్లని బయటికి పంపేసేవారు. భీమవరం వైపు ఒక కాలేజీలో ఒకాయన నొచ్చుకున్నారు. "మేమేమైనా పరాయివాళ్ళమా అండి?" అన్నారు. "మీరు సొంతవాళ్ళండి. అందుకే మీ ముందు రాయరండి" అన్నారు మేడం. పేరు రాయొద్దు, రోల్ నంబరు వద్దు. రాసిన కాగితాన్ని ఎవరిది వాళ్ళే తలుపు దగ్గరున్న పెట్టెలో వేయాలి. అంతసేపూ ఆవిడ ఆఖరి బెంచీలో కిటికీ వైపు తిరిగి కూర్చునేవారు. ఎవరు ఏది వేశారో తనకి కూడా తెలియకూడదట.

కాగితాలు కట్టలు కట్టడం నా పని. ఆ కాలేజీ కట్టలో ఒక కుర్రాడు రాసింది నా కంటబడింది. హాస్టల్ వెనక మెట్ల దగ్గర తనని రోజూ కొడుతున్నారని, ఎవరికీ చెప్పలేదని. నా రక్తం ఉడికిపోయింది. చదివి కట్ట కట్టడమేనా మనం చేసేది? మర్నాడు అదే కాలేజీలో ఇంకో సెక్షన్‌కి కాగితాలు పంచేటప్పుడు, ఒక్కోదాని మూలన సన్నగా పెన్సిల్‌తో బెంచీ నంబరు, కుడో ఎడమో వేసి ఇచ్చాను. ఎవరెక్కడ కూర్చున్నారో, లెక్చరర్ బయటికి వెళ్ళే ముందు తీసిన అటెండెన్స్ వింటూ రాసుకున్నాను. దెబ్బలు తిన్నామని రాసినవాళ్ళ పేర్లు ఆ సాయంత్రమే నా నోటుపుస్తకంలోకి ఎక్కాయి. న్యాయం చేస్తున్నాననే అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, టీ కొట్టు దగ్గర ఇద్దరు స్నేహితులతో గొప్పగా చెప్పాను కూడా.

పది రోజులకి ఆ హాస్టల్లో గొడవ జరిగి ఒకడి తల పగిలింది. నా టీ కొట్టు మాటలు ఎలా చేరాయో, మర్నాడు కాలేజీ కరస్పాండెంటు గారు నాకే ఫోన్ చేశారు. "న్యాయం కోసం నిలబడే కుర్రాడివని విన్నాను. పేర్లున్న పుస్తకం తీసుకురా బాబు. తేలుద్దాం" అన్నారు. ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. బండి తీశాను. మేడం గారికి ఒక మాట చెప్పి వెళ్దామని, నిజానికి ఆవిడ ముందు గెలుద్దామని, దారిలో ఆగాను.

అంతా విని ఆవిడ బీరువాలోంచి ఆ కట్ట తెచ్చి నా ముందు పెట్టారు. ప్రతి కాగితానికీ ఒక మూల కత్తిరించి ఉంది.

"నీ పెన్సిల్ నాకు ఆ రాత్రే కనపడింది."

"మరి అడగలేదేంటి మేడం?"

"అడిగితే ఆవేశపడేవాడివి. నీ అంతట నువ్వే చెబుతావని ఆగాను. సరే, పేర్లు రాసుకున్నావు. రెండో వైపు చదివావా?"

లేదన్నాను. తిప్పి చూడమన్నారు. ఒక చేతిరాత గుర్తుపట్టాను, ముందు వైపు దెబ్బలు తిన్నానని రాసినవాడిది. వెనక వైపు "నువ్వు ఎవరినైనా కొట్టావా?" అన్న చోట "కొట్టాను" అని టిక్కు. ఇంకోటి తిప్పాను. అక్కడా అంతే.

"కొట్టినవాళ్ళు ఒక పక్క, తిన్నవాళ్ళు ఒక పక్క ఉంటారనుకున్నావు. చాలాసార్లు ఒకటే కాగితం బాబూ. ఆయన ఈ పేర్లు పిలిచి అడిగితే ముందు ఏ వైపు బయటపడుతుంది? ఎవరిని గెంటేస్తారు?"

నేను కాపాడదామనుకున్నవాళ్ళనే గెంటేస్తారు, అదీ నా చేతిరాత చూపించి. నోటుపుస్తకం తీసి ఆవిడ చేతిలో పెట్టాను. సంచిలో వేసుకున్నారు. తర్వాత ఏం చేశారో అడిగే ధైర్యం నాకు ఎన్నడూ రాలేదు.

నా ముందే కరస్పాండెంటు గారికి ఫోన్ చేశారు. "పేర్లు లేవండి. ఉన్నా ఇవ్వనండి. ఒక్క పని చేయండి, హాస్టల్ వెనక మెట్ల దగ్గర లైటు వేయించి, సాయంత్రాలు ఒక మనిషిని కూర్చోబెట్టండి. అక్కడే కొడుతున్నారని రాశారు." ఆయన గట్టిగానే మాట్లాడినట్టున్నారు. మళ్ళీ మా గేటు దాటొద్దన్నారట. దాటలేదు కూడా. అక్కడ ఇంకా రెండేళ్ళు చేయాల్సిన పని ఆగిపోయింది. నా వల్లే ఆగిందని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. లైటు మాత్రం వేశారని, మనిషిని పెట్టారని తర్వాత ఒక కుర్రాడు చెప్పాడు. పుస్తకంలోని పేర్లలో అతనిదీ ఒకటి. ఆ సంగతి అతనికి తెలియదు.

ఫోన్ వచ్చిన రోజు ధవళేశ్వరం వెళ్ళి బండి స్టాండు వేస్తున్నాను. చెల్లెలుగారు గుమ్మంలోకి వచ్చారు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఆ కోపిష్టి అబ్బాయివి నువ్వేనా?"

"నేనేనండి."

"నీ పుస్తకం లేదు బాబూ. అక్క ఆ రోజే చింపి పారేసిందట. బీరువా తలుపుకి చీటీ అంటించింది, ఇందాకే చూశాను. తను పోయాక నువ్వు భయపడుతూ వస్తావని, మంచినీళ్ళు ఇచ్చే ముందే ఈ మాట చెప్పమని రాసింది."

నా గుండెల మీద నుంచి ఐదేళ్ళ బరువు దిగింది. అప్పుడు వచ్చింది ఏడుపు. మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డారు.

చీటీలో ఇంకో మాట కూడా ఉంది. పిల్లలు రాసిన కాగితాలు దాచాల్సిన గడువు అయిపోయింది, కాల్చొద్దు, సగం కాలింది గాలికి ఎటైనా పోతుంది, నానబెట్టి ముద్ద చేయమని. కర్మ అయ్యాక వెళ్ళాను. పెద్ద ప్లాస్టిక్ తొట్టెలో రెండు రోజులు నానిన కాగితాలని మోచేతుల దాకా ముంచి పిసికాను. టిక్కులు, అక్షరాలు, ముందు వైపు, వెనక వైపు అన్నీ కలిసిపోయాయి. ఉండలు చేసి డాబా పిట్టగోడ మీద ఎండబెట్టాం. కాసేపటికి ఒక కాకి వచ్చి వాలింది. ఒక ఉండని ముక్కుతో పొడిచి, కాస్త దొర్లించి, తల వంచి చూసింది. ఏమీ దొరక్క బ్యారేజీ వైపు ఎగిరిపోయింది.