వెల్మా అద్దం మీది అంకె

వెల్మా స్టకీ కారు ముందు అద్దానికి ఓ మూల, అరచెయ్యంత పొడుగున, తెల్లరంగుతో వేసిన 2 ఉండేది. ఆరేళ్ళుగా అది అక్కడే ఉంది. ఇండియానా మక్కచేల మధ్య ఉన్న మా హార్మన్ ఫీల్డులో ఆ అంకె సంగతి తెలియనివాళ్ళు లేరు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ప్రతి ఆదివారం జరిగే కారు పందేల్లో మొత్తం మీద ఎవరు మొదట నిలుస్తారో, మరుసటి ఏడాదంతా వాళ్ళ అద్దం మీద 1 ఉంటుంది. వాళ్ళ తర్వాతి వాళ్ళకి 2. మిగతావాళ్ళు ఏ అంకె వేసుకున్నా ఎవరికీ పట్టదు.

"ఏం వెల్మా, ఆ రెండు చెరిపితే పోతుందా, అద్దంలోకి ఇంకిపోయిందా?" అనేవాడు లానీ ప్రూయిట్. ఇంటింటికీ గ్యాసు బండి తోలే మనిషి. వరసగా మూడేళ్ళు ఒకటో అంకె అతనిదే.

"నువ్వు తుడుచుకోవడానికి గుడ్డ తెచ్చుకో. నాది నేను చూసుకుంటా," అనేది వెల్మా. అని, చేతిలో ఉన్న పంది మాంసం బన్ను తీరిగ్గా కొరికేది. అది బడాయి కాదు. ఆవిడకు నిజంగానే అంత నమ్మకం.

నమ్మకం ఎందుకుండదు? యాభై నాలుగేళ్ళ మనిషి. పాతికేళ్ళుగా బడి వంటింట్లో రోజూ నాలుగొందల మంది పిల్లలకు వండుతోంది. ఒక్కనాడు కొలత గిన్నె ముట్టుకోలేదు, ఒక్కనాడు ఉప్పు ఎక్కువైందన్న మాట పడలేదు. 1968 నాటి ఆ లేత ఆకుపచ్చ నోవా కారును పనిలోకి వెళ్ళిరావడానికని ఎవరి దగ్గరో పాతదిగా కొంది. ఓ ఏడాది బడిలో ఆటల మేష్టారు "వంటావిడకి పందేలెందుకు" అన్నాడు. అంతే, మరుసటి ఆదివారం వచ్చి ఆయన్నే ఓడించింది. ఆయన మళ్ళీ రాలేదు, ఈవిడ మళ్ళీ మానలేదు.

ఎవరి కారు వేగంగా పోతే వాళ్ళే గెలుస్తారనుకునే మహానుభావులు ప్రతి ఆదివారం ఒకరిద్దరు తగులుతారు. వాళ్ళకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. మీకూ ఒక్కసారే చెబుతాను. పోటీ ఇద్దరిద్దరికి, దారి పొడుగు మైలులో ఎనిమిదో వంతు. నా కారు ఇన్ని సెకన్లలో పోతుందని ఎవరికివారు ముందే అంచనా కట్టి, అద్దం మీద బూటు పాలిష్‌తో రాసుకోవాలి. నెమ్మది కారుకు ఆ తేడా మేరకు ముందుగా పచ్చలైటు వెలుగుతుంది. ముందుగా చివరి గీత దాటినవాళ్ళది గెలుపు. అయితే రాసినదానికంటే సెకనులో వందో వంతు వేగంగా పోయినా సరే, ఓడిపోయినట్టే! మాట ఇచ్చాక ఆ మాట మీద నిలబడాలన్నమాట. కుర్రకారుకు ఇది తలకెక్కదు. వెల్మాకు పుట్టుకతోనే తెలుసు.

1996 జూన్‌లో ఓ ఆదివారం, పచ్చలైటు పడి కారు కదలగానే వెనక నుంచి ఠప్పుమని చప్పుడైంది. ఎడమ చక్రం మీది కమాను పట్టీ విరిగింది. అది చాలదన్నట్టు ఇంజనులో టకటకమని కొట్టుకోవడం మొదలైంది. వెల్మా అన్నయ్య ఆర్విల్ వచ్చి బానెట్ ఎత్తి చెవి పెట్టాడు. ఇంజన్లు విప్పి, బోరింగు చేసి, మళ్ళీ కట్టే షెడ్డులో నలభై ఏళ్ళు పనిచేసి ఆ వసంతంలోనే మానేసిన మనిషి.

"కామ్‌షాఫ్ట్ అరిగిపోయిందే. ఎలాగూ విప్పాలి. విప్పితే మాత్రం నేను కట్టినట్టే కడతా, నువ్వు అడ్డం రాకూడదు," అన్నాడు.

"నువ్వు కట్టినట్టంటే?"

"ఆరు."

అంటే దారి మొత్తం ఏడు సెకన్లలోపు దాటడం. అప్పటిదాకా ఆ కారు ఏనాడూ ఏడున్నరకు తగ్గలేదు.

"ఆరు నేనేం చేసుకోను అన్నయ్యా? వేగం కాదు నాక్కావలసింది. ఈ రెండు పోయి ఒకటి రావాలి, అంతే."

ఆర్విల్ రెండు చేతులూ ఆవిడ ముందు చాపాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. షెడ్డు మానేసింది అందుకే. "నలభై ఏళ్ళు ఎవరడిగింది వాళ్ళకి కట్టిచ్చా. నాకు నచ్చినట్టు ఒక్కటి కట్టుకోలేదు. ఇదే ఆఖరిది వెల్మా. వచ్చే ఏడాదికి ఈ చేతులు చెంచా కూడా పట్టవు. టైము చూపించే ఆ బోర్డు మీద ఆరు ఒక్కసారి చూడాలి," అన్నాడు.

వెల్మా ఆ చేతుల వంక చూసింది. "కట్టు. కానీ ప్రతిసారీ ఒకేలా పోవాలి. ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా అంటే నేను మునిగిపోతా."

"ఇంజను నాది. ఒకేలా పోవడమనేది నీ గోల. నువ్వే చూసుకో," అన్నాడు ఆర్విల్.

నెల రోజులు వెల్మా ఇంటి గరాజులోనే పని. సిలిండర్లు బోరు చేయించి పెద్ద పిస్టన్లు వేశాడు. కామ్‌షాఫ్ట్ మార్చాడు, గాలి బాగా పీల్చే కార్బురేటర్ తెచ్చి బిగించాడు. పిస్టన్లు దించేటప్పుడు మాత్రం చెయ్యి నిలవక, చెల్లెల్ని పిలిచేవాడు. "మెల్లిగా దించవే! పిండి ముద్ద తోసినట్టు తోస్తావేంటి?" అని కసిరేవాడు. "పాతికేళ్ళుగా నా పిండి ముద్దకు ఎవరూ వంక పెట్టలేదు," అనేది ఆవిడ. మొత్తానికి జూలై మొదట్లో ఇంజను మోగింది. వీధి చివరి ఇంటివాళ్ళు కూడా బయటికొచ్చి చూశారు.

ఆ తర్వాత మొదలైంది తంటా. ఇంజను బలానికి కారు వెనక భాగం తట్టుకోలేకపోయింది. విరిగిన పట్టీ చోట అలాంటి పాత పట్టీనే వేశారు మరి. బయలుదేరేటప్పుడు వెనక చక్రాలు దారిని పట్టుకోకుండా గెంతేవి, కారు అటూ ఇటూ కొట్టుకునేది. ఒకసారి 7.10, ఒకసారి 7.31. ఏం రాస్తుంది అద్దం మీద? వరసగా మూడు ఆదివారాలు మొదటి పందెంలోనే ఇంటిముఖం పట్టింది.

"వెల్మా, మీ అన్నయ్య నీకు ఇంజను కట్టాడా, గుర్రాన్ని కట్టాడా?" అన్నాడు లానీ.

"గుర్రమే. కళ్ళెం నేను వేస్తాలే, నీకెందుకు దిగులు?" అంది వెల్మా.

ఆగస్టంతా ఆవిడ కారు కింద పడుకునే ఉంది. వెనక ఒంటి పట్టీలు తీసేసి, నాలుగేసి రేకుల కమాను కట్టలు బిగించింది. బిగువు తగ్గించుకోవడానికీ పెంచుకోవడానికీ మర ఉన్న కొత్త షాక్ అబ్జార్బర్లు వేసింది. ముందువైపు అరిగిన రబ్బరు బుష్షులన్నీ మార్చింది. ఆ తర్వాత ఆవిడ సొంత పద్ధతి. వెనక బంపరు మీద దబ్బున కూచుని, దిగ్గున లేచేది. కారు ఒక్కసారి పైకి లేచి ఆగిపోవాలి. రెండోసారి ఊగిందా, షాకు మర ఒక గడి బిగించేది. మళ్ళీ కూచునేది.

"దానికి వేరే కొలతలున్నాయే," అని ఆర్విల్ తల పట్టుకున్నాడు.

"పదిహేనేళ్ళుగా నా బరువు గుప్పెడు కూడా మారలేదు. ఇంతకంటే నమ్మకమైన కొలత మీ షెడ్డులో ఉందేమో చూపించు," అంది వెల్మా.

నెలాఖరుకు కారు 7.08, 7.07, మళ్ళీ 7.08. స్టీరింగు మీద నుంచి రెండు చేతులూ తీసేసినా గీత గీసినట్టు తిన్నగా పోయేది. సెప్టెంబరులో వెల్మాను ఆపేవాళ్ళు లేకపోయారు. ఆఖరి ఆదివారం నాటికి ఇద్దరి లెక్కా సమానమైంది. ఆ రోజు చివరి పందెంలో నిలిచింది వెల్మా, లానీ. ఎవరు గెలిస్తే వాళ్ళదే ఒకటి.

మధ్యాహ్నం మూడింటికి ఎండ మండిపోతోంది. వెల్మా అద్దం మీద 7.05 అని రాసింది. లానీ తన నీలం పికప్పు మీద 8.10 రాశాడు. ఇద్దరికీ పిలుపు వచ్చింది. పిలుపు వచ్చాక అద్దం తుడవడానికి లేదు, మా దగ్గర అది గట్టి నియమం. సరిగ్గా అప్పుడే అంతకుముందు పోయిన కారు దారి పొడుగునా నూనె కార్చిందని తెలిసింది. కడగడానికి ముప్పావుగంట పట్టింది. ఈలోగా మబ్బు కమ్మింది. ఉత్తరం నుంచి చల్లగాలి తిరిగింది.

చల్లగాలి తగిలితే ఇంజనుకు ఊపిరి ఎక్కువ, కారుకు వేగం ఎక్కువ. ఆర్విల్ కారు కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఇవాళ ఆరు పడుతుంది వెల్మా. ఖాయం."

"ఆరు పడితే నేను ఓడిపోతాను అన్నయ్యా."

"తెలుసు." కిటికీ మీంచి చెయ్యి తీశాడు. "పందెం నీది. నేనేం అనను," అని పక్కకు పోయి కంచె దగ్గర నిలబడ్డాడు.

ఇద్దరికీ కావలసింది ఆ ఒక్క పరుగులోనే ఉంది, అందులో ఒక్కటే దక్కుతుంది. ఆయనకు ఇది తప్ప మరో ఇంజను లేదు, తనకు ఏడో ఏడు కూడా రెండేనంటే మనసొప్పదు. హెల్మెట్ బిగించుకుంది. ఆరేళ్ళు ఓర్చుకున్నాను, ఇవాళ ఎవరికోసమూ వదలను అనుకుంది.

లానీకి ముందు పచ్చలైటు వెలిగింది. సెకను తర్వాత వెల్మాకు. వెనక చక్రాలు దారిని కరిచి పట్టుకున్నాయి, ఒక్క గెంతు లేదు. వీపు సీటుకు అతుక్కుపోయింది. లానీ గడియారంలాంటి మనిషి, రాసిన అంకె తప్పడు. కాబట్టి అతన్ని ఎంత ఎక్కువ దాటితే అంత ప్రమాదమని వెల్మాకు తెలుసు. సగం దారిలోనే నీలం పికప్పు దగ్గరికి వచ్చేసింది. మరీ త్వరగా వచ్చేసింది. ఇలాగే వదిలేస్తే ఆరు. కంచె దగ్గర అన్నయ్య కళ్ళార్పకుండా చూస్తున్నాడని ఆవిడకు చూడకుండానే తెలుసు.

గీతకు ముందు బ్రేకు మీద కాలు వేసింది. ఉప్పు చేత్తో చూసి వేసినట్టు, కాస్తంత. కారు ముక్కు లానీ ముక్కుకంటే జానెడు ముందుగా గీత దాటింది.

బోర్డు మీద 7.06. గెలుపు లైటు ఆవిడ వైపు వెలిగింది. జనం కేకలు పెట్టారు, హారన్లు మోగించారు. తిరుగుదారిలో వస్తూ వెల్మా గట్టిగా ఏడ్చేసింది. సంతోషంతోనే ఏడ్చింది, సందేహం లేదు.

లానీ తెల్లరంగు డబ్బా, కుంచె పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు. కొత్తవాళ్ళ అద్దం మీద పాతవాళ్ళే ఒకటి వెయ్యాలి, అదీ మా పద్ధతి. ఆర్విల్ టోపీ నలుపుతూ కాస్త దూరంగా ఉన్నాడు. నవ్వుతున్నాడు గాని ఆ నవ్వు కళ్ళలో లేదు.

"నీ ఆరును నేనే తొక్కేశాను అన్నయ్యా," అంది వెల్మా.

"ఎవరైనా అదే చేస్తారు. ఆ బ్రేకు వెయ్యడం చూశాను, బ్రహ్మాండం," అన్నాడు ఆయన.

"లానీ, రంగు ఆపు. పందెం లైట్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయిగా? అన్నయ్యా, ఎక్కు."

"నీకేమైనా పిచ్చా? ఈ చేతులతోనా?"

"చేతులు వణికితే దానికేం? వెనక సగం బిగించింది నేను. నువ్వు పట్టుకున్నా పట్టుకోకపోయినా తిన్నగానే పోతుంది. కాలు తొక్కితే చాలు."

ఆర్విల్ చుట్టూ చూశాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. వెల్మా తన హెల్మెట్ తీసి ఆయన తలకు దిగేసింది, చెవులు నలిగి "అబ్బా" అన్నాడు. బెల్టులు ఆవిడే బిగించింది.

లానీ రంగుడబ్బా నేల మీద పెట్టి తన పికప్పు వైపు నడిచాడు. "ఒక్కడే పోతే పందెమేంటి? నేనూ వస్తా. నాకు ఈ ఏడు ఇంకో గెలుపు ఊరికే వస్తుంటే వదులుకుంటానా?" అన్నాడు. జనం గొల్లున నవ్వారు.

పచ్చలైటు పడింది. అరవై మూడేళ్ళ మనిషి తను కట్టిన ఇంజనును మొట్టమొదటిసారి పూర్తిగా తొక్కాడు. కారు ఎక్కడా అటూ ఇటూ కాలేదు. గీత దాకా కాలు తియ్యలేదు, బ్రేకు మాట తలపెట్టలేదు. లానీని కారు పొడుగు మేర దాటేశాడు. బోర్డు మీద 6.97 పడింది. దాని పక్కనే ఓడిపోయినట్టు ఎర్రలైటు కూడా వెలిగింది, ఎందుకంటే అద్దం మీద 7.05 అలాగే ఉంది.

తిరుగుదారిలో వచ్చి ఆగాడు. టైము చీటీలు రాసే గది దగ్గర ఇచ్చిన కాగితం ముక్క ఆయన వేళ్ళ మధ్య రెపరెపలాడుతోంది. వెల్మా పరుగున వెళ్ళి తలుపు తీసింది. ఆర్విల్ మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంది. చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాస లేదు.

"ఓడిపోయానే చెల్లీ," అన్నాడు. "ఎంత బాగా ఓడిపోయానో చూశావా?"