గాయపాకు, మా తోడికోడలి చెయ్యి

పెద్దకడుబూరు దాటాక మా ఊరు. ఇక్కడ చేను గట్టున ఎక్కడ కూర్చున్నా గాయపాకు చేతికి తగులుతుంది. నూగు ఆకు, చిన్న పసుపు పువ్వు. పత్తి తీసేటప్పుడు ఎండిన కాయ మొన గోరు పక్కన దిగితే, ఆ ఆకు అరచేతిలో నలిపి పసరు పిండుతాం. కాసేపు మండుతుంది, రక్తం ఆగుతుంది. ఇందులో రహస్యమేమీ లేదు, మేకలు కాసేవాళ్లకూ తెలుసు.

అయినా ఊరంతా మా అత్త దగ్గరికే వచ్చేది, ఆమె హస్తవాసి మంచిదని. ఆమె చేతులు వణకడం మొదలైనప్పుడు, పెద్దకోడలిని కదా, ఆ పని నాకే వస్తుందనుకున్నాను. అత్త మా తోడికోడలిని పిలిచి, "ఇంగ ఈ పని నువ్వే సూసుకోమ్మా" అంది. నా వైపు చూడనైనా లేదు. అప్పటి నుంచి నాకు కుళ్లే, దాచుకోను. ఎవరైనా తెగిన వేలు పట్టుకుని వస్తే, ఎదురుగా నేనున్నా, "సిన్నమ్మ యాడుందక్కా?" అంటారు. ఆకు కోసుకొచ్చేది మాత్రం నేను.

మొన్న కలుపు తీస్తుంటే కొడవలి జారి మా తోడికోడలి పాదమే తెగింది. ఎవరి చెయ్యి వాళ్లకు పనిచేయదని మా వైపు నమ్మకం. "అక్కా, నువ్వే పిండు" అంది. పసరు పిండి గట్టిగా అదిమి పట్టుకున్నాను. రక్తం ఆగింది. ఆటోలో ఆదోనికి తీసుకుపోయి సూది కూడా వేయించాను. దారి పొడుగునా ఆమె మూలుగుతుంటే నేను లోలోపల మురిసిపోయాను. ఇక ఊరికి తెలుస్తుంది కదా!

తెలిసింది. "మా అక్క సెయ్యి పడంగానే రక్తం నిలిసిపాయ" అని ఆమే అందరికీ చెప్పింది. విన్నవాళ్లు, "ఎంత మంచి మనసో సూడు, పేరంతా అక్కకే ఇస్తాండాది" అన్నారు. ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పక్కింటామె వేలు తెగి వచ్చింది. అరుగు మీదున్న నన్ను దాటుకుని లోపలికి పోయింది.

"బయట అక్క ఉండాది కదా, ఆమెతో పిండించుకో" అంది మంచం మీది నుంచి మా తోడికోడలు.

"వద్దులేమ్మా, నీ సెయ్యే మేలు."

ఆ మాట వినబడేసరికి, గోడ వారన గుప్పెడు ఆకు కోసుకుని, నేను గడపలో నిలబడి ఉన్నాను.