ఎస్తేరమ్మ గారి రెండు రంగులు

మా ఇంట్లో వంకాయలు తరిగే పని నాది. నిన్న పొద్దున సగం తరిగాక ఎవరో గేటు దగ్గర పిలిస్తే వెళ్ళాను. మాట్లాడి వచ్చేసరికి, నీళ్ళలో వేయకుండా వదిలేసిన నాలుగు ముక్కలు అంచుల వెంట గోధుమరంగుకు తిరిగాయి. పచ్చి వంకాయకు చేదు వాసన ఒకటి ఉంటుంది, అందులో కొంచెం ఇనుము వాసన కూడా కలిసి ఉంటుంది. అది ముక్కుకు తగలగానే ఖమ్మంలోని ఈ వంటగది మాయమై, భద్రాచలం దాటి చర్ల వెళ్ళే దారిలోని ఒక చిన్న మిషన్ ఆసుపత్రి కళ్ళ ముందుకొచ్చింది. అక్కడి ల్యాబు, కిటికీ పక్కన నీళ్ళు మరుగుతున్న అల్యూమినియం గిన్నె, దాని ముందు నిలబడి లోగొంతుతో కీర్తన పాడుకుంటున్న ఎస్తేరమ్మ గారు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పుడు తక్కువ. ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. మా వంశం గురించి నేనే చెప్పుకోవడం బాగుండదు గాని, చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. చండ్రుగొండ దగ్గర మా తాతగారికి కనుచూపు మేర భూమి ఉండేది. నేను పుట్టేనాటికి వానకు కారే పెంకుల ఇల్లు, గోడకు రెండు జింక కొమ్ములు మిగిలాయి. భూమి పోయింది గాని మా మాట తీరు పోలేదు. "మనం ఎవరి ముందూ కింద కూర్చునే మనుషులం కాదు" అని మా నాన్న అనేవారు. ఉన్నదంతా ఆయన నిటారుగా నిలబడే పోగొట్టుకున్నారు. ఆయన పోయాక నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో ఆ ఆసుపత్రిలో చేరాను. అమ్మా నేనూ భద్రాచలంలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. ఆసుపత్రిలో జీపు డ్రైవరు దగ్గర నుంచి ఆయా దాకా నన్ను "దొరవారు" అనేవాళ్ళు. అది వెక్కిరింపని తెలుసు. తెలిసినా లోలోపల నచ్చేది.

ఎస్తేరమ్మ గారు ల్యాబుకు పెద్ద. ఖమ్మం దగ్గరి పల్లె ఆమెది, తండ్రి చర్చి బడిలో పంతులు. యాభై దాటిన మనిషి, ముతక నేత చీర, దారం కట్టిన కళ్ళద్దాలు. ఆమె కింద పనిచేయడం నాకు మొదట్లో మింగుడు పడలేదు. ఏమని పిలవాలో తేల్చుకోలేక రెండు వారాలు ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొచ్చాను. ఒకరోజు ఆమె చేతిలో పని ఆపి నా వైపు తిరిగింది.

"ఏమయ్యా రఘూ, నాకు పేరు లేదనుకున్నవా? గోడతోని మాట్లాడినట్టు మాట్లాడుతవ్. అక్కా అను, మేడం అను, ఏదీ రాకుంటే ఎస్తేరూ అని పిలువు. పలుకుత."

ఆ రోజు నుంచి మేడం అన్నాను.

ఆ ఏడాది మా పెద్ద డాక్టరు గారు ఒక అధ్యయనం మొదలుపెట్టారు. షుగరు, కిడ్నీ జబ్బు లాంటివి ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళ శరీరంలో ఆక్సిజన్ వల్ల కణాలకు జరిగే నష్టం ఎంత, దాన్ని అడ్డుకునే శక్తి ఇంకా ఎంత మిగిలింది అన్నది రక్తంలో చూడాలి. రక్తం ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ళకు ఎస్తేరమ్మ గారు దాన్ని వివరించిన తీరు నాకు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తుంది.

"వంకాయ కోసి పెడితే ఏమైతదమ్మా?"

"నల్లగైతది."

"గాలి తగిలి అయితది. మనం పీల్చే గాలే. ఆ గాలే మనల్ని బతికిస్తది, ఒంట్లె అంచులు గూడ కొరుకుతది. ఒళ్ళు మంచిగున్నోళ్ళకు లోపల కావలోళ్ళుంటరు, ఆపుతరు. ఏండ్లకేండ్లు రోగముంటే కావలోళ్ళు అలిసిపోతరు. ఎంత నల్లబడ్డదో, ఎందరు కావలోళ్ళు మిగిలిన్రో మేం లెక్క జూస్తం."

ఒక ముసలామె వెంటనే అంది: "గట్లయితే నన్ను గూడ వంకాయ లెక్క ఉప్పునీళ్ళల్ల వెయ్యి తల్లీ."

"నీకు ఉప్పు బందు పెట్టినం గదా, అప్పుడే మర్చిపోయినవా?" అన్నారు ఎస్తేరమ్మ గారు. వరండా అంతా నవ్వింది.

లెక్క చూడడానికి మాకు రెండు రంగులు. రక్తం గడ్డకట్టాక పైన తేలే సీరానికి ఆమ్లం కలిపి, మందు వేసి, మరిగే నీళ్ళలో ఉంచితే గులాబి రంగు వస్తుంది. ఎంత చిక్కటి గులాబి అయితే అంత నష్టం. వేరే గొట్టంలో మరో మందు వేస్తే పసుపు రంగు వస్తుంది, అది కావలివాళ్ళ లెక్క. రోగం ముదిరినవాళ్ళలో గులాబి చిక్కబడుతుంది, పసుపు వెలిసిపోతుంది. గొట్టాలను కిటికీ వెలుగులో పక్కపక్కన పెట్టి ఆమె చాలాసేపు చూసేవారు. యంత్రం అంకె చెబుతుంది కదా అని నేను అంటే, "అంకెకు మనిషి యాదికి రాడయ్యా" అనేవారు.

ఆసుపత్రికి రాలేనివాళ్ళ కోసం మేమే గుంపులకు వెళ్ళేవాళ్ళం. ఆ అడవిలో చిన్న ఊళ్ళను గుంపులంటారు. దారిలో పోలీసు క్యాంపు దగ్గర జీపు ఆపి మా ఐసు ఫ్లాస్కు మూత తీయబోయేవాళ్ళు. "ఏందమ్మా ఇది?" అంటే, "రక్తం నాయనా. మూత తియ్యకు. ఐసు కరిగిందంటే నీ రక్తం పట్కపోవాలె" అనేది ఆమె. ఒకసారి ఆ కుర్ర కానిస్టేబులు నిజంగానే చేయి వెనక్కి దాచుకున్నాడు. గుంపులో రోగి మంచం మీద ఉంటే ఆమె మంచం పట్టె మీద కూర్చునేది, నేల మీద ఉంటే నేల మీదే. కూర్చుని, ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, పిల్లల సంగతి అడుగుతూ ఎప్పుడు సూది గుచ్చిందో తెలియకుండా గుచ్చేది. తరవాత సూది విప్పేసి, గొట్టం గోడ వెంట రక్తాన్ని మెల్లగా జారవిడిచేది. తొందరపడితే ఎర్రకణాలు పగులుతాయని నాకు మొదటి రోజే చెప్పింది.

ల్యాబులో ఆమె పెట్టిన పద్ధతి ఇంకొకటి ఉంది. చెడిన నమూనాల కోసం ఒక నోటుబుక్కు. ఎవరి చేతిలో చెడిందో వాళ్ళే పేరు రాయాలి, ఎందుకు చెడిందో రాయాలి. అందులో ఎక్కువ సార్లు ఉన్న పేరు ఆమెదే. చేరి ఎనిమిది నెలలైనా నా పేరు ఒక్కసారి కూడా లేదు. అది నాకు మా తాతగారి భూమికన్నా గొప్పగా ఉండేది.

ఇక ముత్తమ్మ సంగతి. పదేళ్ళకు పైగా షుగరు ఉన్న కోయ ఆమె, కాళ్ళకు వాపు వచ్చి నడవలేకపోతోంది. ఎస్తేరమ్మ గారు చెల్లెలి కూతురి పెళ్ళికి ఖమ్మం వెళ్ళడంతో ఆ రోజు నేనొక్కడినే వెళ్ళాను. ముత్తమ్మ ఇంటి ముందు అరుగు మీద చాప వేసుకుని పడుకుని ఉంది. ఆమె భర్త భీమయ్య నా ఊరు అడిగాడు, తండ్రి పేరు అడిగాడు, చెప్పగానే అతని ముఖం వెలిగిపోయింది. "మీ తాతగారి కాడ రెండేండ్లు నాగలి దున్నిన దొరా! పెండ్లయినంక ఇటొచ్చిన. కూసో దొరా, కూసో" అని ఇంకో చాప దులిపి వేశాడు.

మా తాతగారి పాలేరు ఇంటి ముందు, నేల మీద. నేను కూర్చోలేదు. "చెయ్యి పైకెత్తమ్మా" అని నిలబడే సూది గుచ్చాను. నరం దొరకలేదు. లోపలే అటూ ఇటూ తిప్పి, దొరకగానే గట్టిగా లాగాను. సిరంజిలో నురగ వచ్చింది. ఆ సూదితోనే గొట్టంలోకి బలంగా ఒత్తేసి, మూత పెట్టుకుని బయటపడ్డాను.

ల్యాబులో చూస్తే, ఎండుగడ్డి రంగులో ఉండాల్సిన సీరం ఎర్రగా ఉంది. దాని అర్థం నాకు తెలుసు. పారబోసి, నోటుబుక్కులో పేరు రాసి, మళ్ళీ ఆ గుంపుకు వెళ్ళి ఆమె చెయ్యి అడగాలి. పాత రోగం కదా, ఇలాగే ఉంటుందేమో అని నాకు నేనే చెప్పుకుని పరీక్ష చేసేశాను. అదే గొట్టంతో కిడ్నీ పరీక్షలు కూడా చేశాను. పొటాషియం ప్రమాదకర స్థాయిలో వచ్చింది.

మర్నాడు పొద్దున భీమయ్య రిపోర్టు కోసం వచ్చాడు. డ్యూటీ డాక్టరు కాగితం చూసి, గుండె ఆగిపోయే ప్రమాదం ఉందనీ, వెంటనే ఖమ్మం తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలనీ చెప్పాడు. భీమయ్య తిన్నగా ల్యాబు గుమ్మం దగ్గరకు వచ్చి చేతులు జోడించాడు. "రేపు సంతల ఎడ్లనమ్మి తీస్కపోత దొరా. నువ్వు మంచిగ జూసి చెప్పినవ్, లేకుంటే ఇంట్లనే సచ్చిపోతుండె." అప్పటికి తొలకరి దగ్గర పడింది. ఎడ్లు లేకపోతే ఆ ఏడు వాళ్ళకు పంట లేదు. నేను తల మాత్రం ఊపాను.

మధ్యాహ్నం ఎస్తేరమ్మ గారు పెళ్ళి నుంచి వచ్చారు. స్టాండులో ఉన్న ముత్తమ్మ గొట్టాలు రెండూ తీసి కిటికీ దగ్గర పట్టుకున్నారు. గులాబి చిక్కగా ఉంది. పసుపూ చిక్కగానే ఉంది.

"రఘూ, నష్టం గింత పెరిగిందంటే కావలోళ్ళు తగ్గిపోయుండాలె. ఈడ కావలోళ్ళు గూడ మస్తుగున్నరు. రెండూ ఒక్కపారే ఎట్ల పెరుగుతయయ్యా?"

నేను స్టాండులోని మిగతా గొట్టాలు సర్దసాగాను.

"కావలోళ్ళు ఎక్కువుండేది ఎర్రకణంల. కణం పగిలితే లోపలోళ్ళంత బయట వడ్తరు. పొటాషియం గూడ ఆ కణంలదే. ఇది ముత్తమ్మ ఒంట్ల జరిగింది గాదు, గొట్టంల జరిగింది. సీరం ఏ రంగుండె?"

"ఎర్రగా ఉంది మేడం."

"నువ్వు జూసినవా?"

"చూశాను."

అరుస్తుందనుకున్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "నమూనా చెడగొట్టుడు తప్పు గాదు, నేను నూరు చెడగొట్టిన. జూసి గూడ నోరు మూసుకున్నవు జూడు, అదీ రోగం." భీమయ్య వచ్చి వెళ్ళిన సంగతి అప్పుడు చెప్పాను. ఆమె ముఖం మారింది. ఆ గుంపులో ఫోను లేదు, ఆ రోజు ఆఖరి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది, జీపు కాన్పు కేసు మీద భద్రాచలం పోయింది. "మీరు వెళ్ళి తీస్తే..." అని నసిగాను. "నేనొస్త. తీసేది నువ్వు. చెప్పేది గూడ నువ్వే" అంది.

తెల్లవారి మొదటి బస్సు దిగి, మట్టిబాటలో ఆమె నాకన్నా ముందు నడిచింది. మేం చేరేసరికి ఎడ్లను కడిగి, కొమ్ములకు నూనె రాసి, భీమయ్య పలుపు పట్టుకుని కదలబోతున్నాడు. "భీమయ్యా, ఆగు!" అని దూరం నుంచే కేకేసింది. అతను ఆగాడు. చుట్టుపక్కల వాళ్ళు పోగయ్యారు. ఎస్తేరమ్మ గారు పక్కకు జరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

అప్పుడే అలికిన అరుగు అది. ముత్తమ్మ ముందు కూర్చున్నాను. "ముత్తమ్మా, మొన్న నేను రక్తం సరిగ్గా తియ్యలేదు. రిపోర్టు తప్పయి ఉంటది. తప్పు నీ ఒంట్లె లేదు, నా చేతిల ఉంది. ఇంకోసారి చెయ్యి ఇయ్యాలె."

ముత్తమ్మ నన్ను కిందికీ మీదికీ చూసి అంది: "నాకెందుకు జెప్తవ్ దొరా? సంతకు పొయ్యేది నేనా? ఆ ఎడ్లకు జెప్పు." జనం గొల్లుమన్నారు. ఆమె రెండో చెయ్యి చాపింది. "ఈపారి ఎద్దును పొడిచినట్టు పొడవకు."

భీమయ్య నవ్వలేదు. పలుపు ఇంకా చేతిలోనే ఉంది. "ఇది గూడ గట్లనే వస్తే ఏందమ్మా? మల్ల సంత వారానికి."

"గట్లొస్తే ఇయ్యాలనే మా జీపుల నేనే ఖమ్మం తీస్కపోత. ఎడ్ల సంగతి తర్వాత జూద్దాం" అన్నారు ఎస్తేరమ్మ గారు. అతను కాసేపు ఆలోచించి ఎడ్లను రాటకు కట్టేశాడు.

ఆ మధ్యాహ్నం సీరం ఎండుగడ్డి రంగులో తేటగా తేలింది. పొటాషియం మామూలుగానే ఉంది. గులాబి ఒక మాదిరిగా, పసుపు వెలవెలబోతూ వచ్చాయి. అంటే ముత్తమ్మకు రోగం లేదని కాదు. నష్టం ఉంది, కావలివాళ్ళు అలసిపోయే ఉన్నారు. డయాలసిస్ అవసరం మాత్రం లేదు. మందులు మార్చారు. జీపులో నేనే వెళ్ళి చెప్పాను. ఆ వానాకాలం ఆ ఎడ్లే దున్నాయి. ముత్తమ్మ ఇంకా చాలా ఏళ్ళు బతికింది, కనబడినప్పుడల్లా "ఎడ్లు నిన్ను అడిగినయ్ దొరా" అనేది. నోటుబుక్కులో నా పేరు రాసి, కారణం దగ్గర "నిలబడి తీసినందువల్ల" అని రాశాను. ఎస్తేరమ్మ గారు చదివి, "చేతిరాత మంచిగుంది" అని మాత్రం అన్నారు.

రెండోసారి రక్తం తీసిన రోజు సాయంత్రం ఇంటికి వెళ్తే అమ్మ గుమ్మంలోనే ఆపింది. నా తెల్ల ప్యాంటు వెనక అంతా పేడ మరక. "ఎక్కడ పడ్డవురా?" అంది కంగారుగా.

"పడలేదమ్మా. కూర్చున్న."

ఎవరింటి ముందో కూడా చెప్పాను. ఆమె బక్కెట్టులో నీళ్ళు పట్టి తెచ్చింది. తరవాత, "విప్పు, నానబెడ్త" అంది.

ఇప్పుడు ఖమ్మంలో నాకు నా సొంత చిన్న ల్యాబు ఉంది. నడవలేనివాళ్ళ ఇళ్ళకు ఇప్పటికీ నేనే వెళ్తాను. మంచం లేని ఇల్లయితే నేల మీద కూర్చుని, ఆ చేతిని ఒళ్ళోకి తీసుకుంటాను. కూర్చోవడం తేలికే. నా మోకాళ్ళు అరిగిపోయాయి, లేవడమే కష్టం. ఎవరో ఒకరు చెయ్యి అందిస్తారు. చాలాసార్లు అది, అప్పుడే నేను సూది గుచ్చిన మనిషి రెండో చెయ్యి. పట్టుకునే లేస్తాను.