కలపని గ్లాసు

మా కెమిస్ట్రీ మేడం పోయారని మొన్న పొద్దున రావిర్యాల నుంచి వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు. నాకు ఏడుపు కన్నా ముందు ఒళ్లు మండింది. శంషాబాద్‌లో మా కాలేజీ వాళ్లు ల్యాబ్‌కు తాళం వేసి, ఆ పీరియడ్లు ఎంట్రన్స్ కోచింగ్‌కు ఇచ్చేశారు. ఆ తాళం తీయమని ఆమె చివరిదాకా అడుగుతూనే ఉన్నారు. నేను ఆమె దగ్గరే చదువుకుని, అక్కడే ఆమెతో పాటు పాఠాలు చెబుతున్నాను.

తల మీదుగా విమానం పోతున్నంతసేపూ చాక్‌పీస్ గాల్లోనే ఉంచి ఆగేవారు. మోత తగ్గాక, ఆపిన మాట దగ్గరే అందుకునేవారు. గొంతు చించుకునే అలవాటు లేదు.

చదువుకునే రోజుల్లో ఒకసారి, రాయి ఎంత వేగంగా కరుగుతుందో కొలవడానికి చలువరాయి ముక్కను యాసిడ్‌లో వేశాం. బుస్సుమని బుడగలొచ్చి, కాసేపటికి మందగించాయి. యాసిడ్‌లో పస లేదని పారబోయబోతుంటే మేడం నా చెయ్యి పట్టుకున్నారు.

"జర ఆగు బిడ్డా. గాజుకడ్డీతోని కలుపు."

కలిపితే బుడగలు మళ్లీ ఎగబాకాయి.

"చూసినవా? రాయి చుట్టున్న యాసిడ్ అయిపోయింది. దూరమున్నది ఆడిదాకా వస్తలేదు. కలిపితే పెరిగిందంటే, గప్పటిదాకా నువ్వు కొలిచింది రాయి దాకా యాసిడ్ నడిచే నడక. ఎంత కలిపినా ఇగ పెరగనప్పుడే, అది రాయికీ యాసిడ్‌కూ మధ్య అసలు వేగం."

ఎవరి లెక్క తప్పినా ఆమె అడిగే మొదటి మాట "కలిపినవా?" అనే. ఏ పిల్లనైనా మొద్దు అనబోయి నా నోరు ఆగుతుందంటే, అది ఆమె పుణ్యమే.

కాలేజీ నడిపే మా కరస్పాండెంట్‌కు ఆ పట్టింపు లేదు. ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు మొద్దులని, వాళ్లకు ల్యాబ్ దండగని మీటింగ్‌లో అందరి ముందే అన్నాడు. మేడం లేచారు.

"పిల్లలు మొద్దులు కాదు సార్. చదువు వాళ్ల దాకా పోతలేదు. గా తాళం తీయుండ్రి."

"చూద్దాం మేడం" అన్నాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. ప్రతి మీటింగ్‌లోనూ అదే మాట. ఏం చూశాడో!

నిన్న సంతాప సభ పెట్టారు. 'చదువుల తల్లికి నివాళి' అని ఆమె ఫొటోతో ఫ్లెక్సీ. దాన్ని ఎక్కడ కట్టారనుకున్నారు? ఆ ల్యాబ్ తలుపుకే, తాళం కనబడకుండా. సిగ్గన్నా ఉండాలి.

సభ అయ్యాక చాయ్ ఇచ్చారు. కరస్పాండెంట్ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఏందిది, చక్కెర వెయ్యలేదా?"

గాజు గ్లాసు అడుగున చక్కెర పేరుకుని కనిపిస్తూనే ఉంది.

"వేసిండ్రు సార్," అన్నాను. "కలపలేదు."

ఆయనకు అర్థం కాలేదు. గ్లాసును ల్యాబ్ కిటికీ గట్టు మీద పెట్టి కారెక్కాడు. మేడం ఫొటో పక్కన చాయ్ చల్లారిపోయింది. అడుగున చక్కెర అలాగే ఉంది.