మస్తాన్ మామ ఊరేగింపు

మొన్న నరసరావుపేటలో నా స్కూటరు పంచరైంది. మెకానిక్ ట్యూబుకు సొల్యూషన్ రాస్తుంటే ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలి, మస్తాన్ మామ గుర్తొచ్చాడు. నడిరోడ్డు మీద ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మాచవరం దగ్గర మా పల్లెలో ఆయనది సైకిళ్ళ కొట్టు. మాకు చుట్టమేమీ కాదు, అయినా ఊరి పిల్లలందరికీ మామే. ఎనభైల్లో ఒక ఏడు ఆయన సర్పంచి పదవికి నిలబడ్డాడు. ఓట్లడగడానికి మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మ మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. వెంట వచ్చినవాళ్ళు రోడ్డు వేయిస్తాం, దీపాలు పెట్టిస్తాం అంటున్నారు. అమ్మ తల కూడా ఎత్తలేదు.

“రోడ్డు సంగతి అట్టా ఉంచు మస్తానన్నా. మా పిల్ల ఏడో తరగతి పాసయింది. హైస్కూలేమో మాచవరంలో. నడిచి వచ్చేసరికి చీకటి పడుద్ది. ఆడపిల్లని ఎట్టా పంపేది?”

“అన్న గెలిస్తే హైస్కూలు మనూళ్ళోకే వస్తదిలేమ్మా!” అన్నాడు వెంట వచ్చినాయన.

“నువ్వుండరా. మన చేతుల్లో లేంది చెప్పమాక,” అని మామ అరుగు మీద చతికిలబడ్డాడు. మిరప ఘాటుకు తుమ్మి, కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు తల్లీ. నీకేమనిపిస్తంది?”

అంతవరకూ నా చదువు గురించి నన్ను అడిగిన పెద్దవాళ్ళు లేరు. “నడిస్తేనే గదా మామా చీకటి పడేది. మగపిల్లలు సైకిళ్ళ మీద పొద్దుండగానే వస్తన్నారు,” అన్నాను.

“ఆడపిల్లకి సైకిలేంది?” లోపలినుంచి నాన్న గొంతు.

“కొట్టుకి పంపు బావా. నేర్పే పూచీ నాది.”

ఓట్లు పోతాయని వెంట ఉన్నవాళ్ళు తలలు పట్టుకున్నారు. మామ మాత్రం మర్నాటినుంచే నన్ను సైకిలెక్కించాడు. తొక్కడం తొందరగానే వచ్చింది, ఆగడమే రాలేదు. గడ్డివామి కనిపిస్తే అందులోకి పోనిచ్చేదాన్ని. ఆగడం వస్తేనే బడి అని నాన్న తేల్చి చెప్పాడు.

మామ గెలిచాడు. బడి తెరవడానికి ముందురోజు పొద్దున డప్పులతో ఊరేగింపు మా వీధికి వచ్చింది. నేను నేర్చుకునే సైకిలును నడిపించుకుంటూ అమ్మ ఎదురెళ్ళి నిలబడింది.

“సర్పంచిగారూ! రేపే బడి. పిల్లకి ఆగడం రాలేదింకా!”

మెడలో బంతిపూల దండ, మొహం నిండా గులాలు. అట్లాగే నన్ను సైకిలెక్కించి, సీటు పట్టుకుని నా వెనక పరిగెత్తాడు మామ. ఏం చేయాలో తోచక డప్పులవాళ్ళూ వాయిస్తూ మా వెనకే పరుగు. “వెనక బ్రేకు! వెనక బ్రేకు పట్టు!” అన్న కేక దూరంగా వినిపించాకగాని ఆయన సీటు వదిలేశాడని తెలియలేదు. ఎదురుగా కిరాణా కొట్టు ముందు నాన్న. బ్రేకు నొక్కి, కాలు నేలకానించాను. ఆగాను!

“ఏమంటావు బావా?” రొప్పుతూ వచ్చాడు మామ.

“ఏమంటాను! ముందా డప్పులాపించు. గేదెలు బెదురుతున్నయి,” అన్నాడు నాన్న. మర్నాడు పొద్దున్నే సైకిలు సీటు నా ఎత్తుకు దించిపెట్టింది మాత్రం ఆయనే.

ఇప్పుడు నేనొక హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌ని. చదువు మాన్పిస్తామంటూ తల్లిదండ్రులు వస్తే, బల్ల వెనకనుంచి లేచి వెళ్ళి వాళ్ళ బెంచీ మీదే కూర్చుంటాను. పిల్లను మధ్యలో కూర్చోబెడతాను. అది నోరు విప్పేదాకా మేం పెద్దవాళ్ళం ముగ్గురం మాట్లాడం. ఒక్కోసారి చాలాసేపే పడుతుంది.