నీళ్ల మీద నెపం పెట్టనివ్వని డాక్టరు

ఖాజా డాక్టరు గుండె ఆగి చనిపోయారని మొన్న పొద్దున ఫోను వచ్చినప్పుడు, దుఃఖం కంటే ముందు భయం వేసింది. నల్లగొండలో వెన్నెముక క్షయకు శస్త్రచికిత్స చేసిన ఆ చేతులు ఇక లేవు. ఆ చేతుల విలువ మా ఇంటికి తెలుసు.

మోత్కూర్ దగ్గర ఉండే మా చెల్లెలి కూతురు శైలజకు నడుము వంగింది. ఫ్లోరైడ్ నీళ్లకు తరతరాలుగా ఎముకలు అప్పగించిన జిల్లా మాది. వంగిన నడుము కనబడితే నీళ్లనే తిడతాం. ఊరంతా అదే అన్నది. చెల్లెలు డబ్బా నీళ్లు కొని తాగించి, గుణం కోసం కాచుకు కూర్చుంది. ఈలోగా పిల్ల కాళ్లు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలియని స్థితి వచ్చింది.

అప్పుడు నల్లగొండకు తీసుకుపోతే, డాక్టరు శైలజ వీపును వేలితో తడుముతూ ఒకచోట ఆగారు.

“సాయంత్రం పూట జరమొస్తదా, బిడ్డా?”

“వస్తది సార్.”

“అంత గా నీళ్లతోనే సార్,” అన్నది చెల్లెలు.

“నువ్వు గూడ గవే నీళ్లు తాగినవ్ గద చెల్లె. నీ నడుము కట్టెలెక్క ఉన్నదేంది? నీళ్లు మనిషిని చూసి వంచుతయా?”

వేదికల మీద నేను గంటలకొద్దీ చెప్పే హేతువాదం అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

స్కానింగులో తేలింది. క్షయ రెండు పూసలను తినేసింది, చీము వెన్నుపామును నొక్కుతోంది. మందులతో పాటు వెంటనే కోసి, చీము తీసి, కుళ్లిన ఎముక తొలగించి, కడ్డీలతో వెన్ను నిలబెట్టాలన్నారు. వెన్ను మీద కత్తి పడితే మనిషి మంచానికే పరిమితమని మా వైపు నమ్మకం. శైలజ తండ్రి, మా బావ నర్సింహ, అమాస పోయినంక చూద్దామన్నాడు.

“ఆగుత నర్సింహా. అమాస దాక కదలకుమని చీముకు జర నువ్వే చెప్పు.”

నేను నవ్వాను. డాక్టరు నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి మెల్లగా అన్నారు: “ఆయనకున్న భయం నాకు గూడ ఉన్నది సార్. నూలుపోగంత పక్కకు పోతే పిల్ల ఇగ లేవది. భయం లేనోడు వెన్నుల చెయ్యి పెట్టొద్దు.”

అమాస రాకముందే ఆపరేషన్ అయ్యింది. మత్తు దిగాక, శైలజ బొటనవేలు పట్టుకొని “కదుపు బిడ్డా” అన్నారు. కదలలేదు. చెల్లెలు నా మోచేయి గట్టిగా పట్టుకుంది. డాక్టరు ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది. మరునాడు పొద్దున మళ్లీ పట్టుకున్నారు. ఈగ వాలితే ఉలికినంతగా వేలు కదిలింది. ఆయన స్టూలు మీద కూలబడి చాయ్ తెప్పించుకున్నారు. చేతులు వణికి, గ్లాసు కింద పెట్టేశారు.

నమాజు తప్పని మనిషి. దేవుడి విషయంలో మాకు ఏనాడూ పొత్తు కుదరలేదు. “నువ్వు లేడంటవ్, నేను ఉన్నడంట. చీము ఇద్దరి మాట వినది సార్,” అనేవారు. శైలజను మాత్రం ఫోనులో బెదిరించేవారు: “బాగైందని గోలీలు బంద్ పెడితే మళ్ల నా కత్తి కిందికే వస్తవ్.”

ఆత్మశాంతి అనే మాట నా నోట రాదు. ఆ వణికిన చేతులకు నమస్కరిస్తున్నాను.

నిన్న ఖబరస్తాన్ బయట శైలజ తన కాళ్ల మీద నిలబడి ఏడ్చింది. చెల్లెలు నా చెవిలో అడిగింది: “అన్నా, పిల్లకు గోలీలింక అయిపోలే. మళ్ల నొప్పంటే ఎవలికి చూపియ్యాలె?”

హైదరాబాదులో పెద్ద దవాఖానలున్నాయన్నాను.

“గాళ్లు మనతోని ఈ సారు లెక్క మాట్లాడుతరా?”

ఆయనను మట్టికి అప్పగించి, భయాన్ని వెంటబెట్టుకొని ఇంటికి వచ్చాం.