బిరుదులు కార్లైల్‌వి, అలవాటు మేకది

ఈస్టర్ వెళ్ళిన మంగళవారం, ట్రినిడాడ్ పక్క దీవిలో ఉన్న మా బక్కూ ఊళ్ళో మేకల పందెం. మేకపోతు ముందు పరిగెడుతుంది, తాడు పట్టుకుని జాకీ వెనక పరిగెడతాడు. జాకీలందరిలో కార్లైల్‌కి ఓ ఖాయమైన స్థానం ఉంది. చివరిది.

అయితేనేం, మైకులో అతని పేరుకి ముందున్నన్ని బిరుదులు ఇంకెవరికీ లేవు. మైకు పట్టేది రోడెరిక్. ఓ సీసా బీరు ఇప్పిస్తే ఏ మాటైనా చదువుతాడు. మొదట్లో 'ఎక్స్‌పర్ట్ కార్లైల్' అని చదివాడు. ఓడిపోయాక అది చాల్లేదని మనవాడు 'ఎక్స్‌పీరియన్స్‌డ్' చేర్పించాడు. ఆపైన 'వెటరన్'. పోయినేడు 'సీజన్డ్' కూడా చదివించుకుంటే జనంలోంచి ఎవరో, "మసాలా పట్టించేది కూరలోకెళ్ళే మేకకి గదరా, జాకీక్కూడానా?" అన్నారు.

కార్లైల్ తాడు పట్టే మేకపోతు ఇస్మే పిన్నిది. పేరు బిషప్. ఈసారి కూడా ఓడితే తాడు వేరే జాకీ డెన్సిల్‌కి ఇచ్చేస్తానని ఆవిడ ముందే చెప్పేసింది. కార్లైల్‌కి ముద్ద దిగలేదు. ప్రేమించిన పిల్ల ట్రినిడాడ్ రమ్మంటే, మరి బిషప్‌కి మేతెవరేస్తారని ఆగిపోయినవాడు మరి.

రోజూ పొద్దున్నే దాన్ని సముద్రంలో ఈదించాడు, ఇసకలో పరిగెత్తించాడు. సగం దూరంలో మెర్ల్ బల్ల ఉంటుంది. పీతల కూర, ఉడికించిన పిండి ఉండలు అమ్ముతుంది. అక్కడికొచ్చేసరికి మన ఎక్స్‌పర్ట్‌కి ఆయాసం. ఆగి, కబుర్లాడి, ఓ ఉండ తాను తిని, ఓ ఉండ బిషప్‌కి పెట్టి, మళ్ళీ పరుగు.

పందెం నాడు బేరం బాగుంటుందని మెర్ల్ తన బల్లని తెచ్చి పందెం దారి పక్కన, కంచెకి ఆనించి వేసుకుంది. బిషప్ అందరికన్నా ముందున్నాడు. ఇస్మే పిన్ని టోపీ తీసి ఊపేస్తోంది. బల్ల దగ్గరికి రాగానే బిషప్ ఆగాడు. సరే, అది మేక. కార్లైల్ కూడా ఆగాడు. కంచె మీద మోచెయ్యి ఆనించి, "ఏం మెర్ల్, ఇవాళ పీతలు లావుగా ఉన్నాయా?" అని అడిగాడు. మిగతా మేకలన్నీ దాటిపోయాక గానీ తను పందెంలో ఉన్న సంగతి గుర్తు రాలేదు.

పిన్ని తాడు తీసి డెన్సిల్ చేతికిచ్చింది. డెన్సిల్ లాగితే బిషప్ కదల్లేదు. అదిలిస్తే పడుకున్నాడు. మర్నాడూ అంతే. మేత కూడా ముట్టలేదు. చివరికి పిన్నే కార్లైల్ ఇంటికెళ్ళింది.

"ఒరే, తాడు నువ్వే పట్టు. కానీ మైకులో ఆ పెద్ద మాటలొద్దు. సిగ్గుతో చస్తున్నా."

"ఒక్కటైనా ఉండనీ పిన్నీ. ఉత్త పేరు చదివితే బోసిగా ఉంటుంది."

"నీకేం వచ్చని చదవమంటావురా? దానికి నువ్వు అలవాటయ్యావు, అంతే."

'అలవాటు' అనైనా ఫరవాలేదు, ఇంగ్లీషులో చదివిస్తే చాలన్నాడు కార్లైల్.